చేపా, తొట్టా, ఇల్లా? రంగుచేపల పిల్లలపై సామూహిక ప్రయోగాల సమీక్ష

1932లో న్యూయార్క్ అక్వేరియంలో పనిచేసే బ్రెడర్, కోట్స్ రెండు తొట్టెలు పెట్టారు. ఒకదాంట్లో కడుపుతో ఉన్న ఒకే ఒక్క గప్పీని, రెండోదాంట్లో యాభై గప్పీలను వదిలారు. మేతకు లోటు చేయలేదు. కొన్ని నెలలు పోయాక చూస్తే రెండింటిలోనూ మిగిలినవి తొమ్మిదేసి. చోటుకు మించి పుట్టిన పిల్లల్ని పెద్దచేపలే మింగేశాయి. జీవావరణ శాస్త్రం చెప్పేవాళ్లు ఈ కథను ఇప్పటికీ ఇష్టంగా చెబుతారు. చెప్పేటప్పుడు సాధారణంగా అడగని ప్రశ్న ఒకటుంది. ఆ ప్రయోగంలో లెక్కకు వచ్చేవి ఎన్ని? యాభయ్యొక్క చేపలా, రెండు తొట్టెలా?

చేపపిల్లల పెంపకం మీద పదిమంది కలిసి ప్రయోగం చేద్దామనుకున్న చోటల్లా తగువు చివరికి ఇక్కడికే వస్తుంది. ఏ మేత మేలు, తొట్టెకు ఎన్ని పిల్లలు, నీళ్లు ఎన్నాళ్లకోసారి మార్చాలి అన్నవి పైకి వినిపించే వాదాలు. వాటి అడుగున, దేన్ని ‘ఒకటి’ అని లెక్కపెట్టాలో తేల్చుకోలేకపోవడం ఉంది. జిల్లాల పేర్లు మారినా తూర్పు గోదావరి ఏజెన్సీగానే పిలుచుకునే అడ్డతీగల కొండల్లో అలాంటి ప్రయోగం పెట్టాలంటే ఈ వాదాల్లో ఏది అక్కరకొస్తుంది, ఏది రాదు అన్నదే ఈ సమీక్ష.

అడ్డతీగలే ఎందుకంటే, ప్రశ్న అక్కడికి పథకం రూపంలో చేరే వీలుంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన పెరటి రంగుచేపల యూనిట్‌కు 3 లక్షల రూపాయల ఖర్చు లెక్కగట్టింది. ఎస్సీ, ఎస్టీ, మహిళా లబ్ధిదారులకు అందులో 60 శాతం రాయితీ. కాగితం మీద ఏజెన్సీ మహిళా సంఘాలకు అతికినట్టు సరిపోయే పథకమే. కానీ రంగుచేపల పెంపకంలో మన దేశానికి ఉన్న అనుభవం చాలావరకు చెన్నై కొళత్తూరుది, కోల్‌కతా శివార్లది. ఆ మైదానపు ఊళ్ల నీరు వేరు, ఉక్క వేరు, మేత దొరికే బజారు వేరు.

ప్రదర్శన వేరు, ప్రయోగం వేరు

1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో మత్స్య శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కించి కార్పు చేపల చేత గుడ్లు పెట్టించారు. అప్పటిదాకా చేపపిల్ల అంటే చాలావరకు వరదల్లో నదిలోంచి వలతో పట్టుకొచ్చేదే. దాని వయసు ఎవరికీ తెలియదు, తల్లి ఏదో తెలియదు, ఒక్కోసారి జాతి కూడా తెలియదు. అంగుల్ తర్వాత ఒకే రోజు పుట్టిన, ఒకే తల్లి పిల్లలు లక్షల్లో చేతికొచ్చాయి. పిల్లల పెంపకం మీద పోల్చి చూసే పని నిజంగా వీలైంది అప్పటినుంచే. కోస్తా ఆంధ్ర చేపల రైతు ఈ రోజు స్పాన్, ఫ్రై, ఫింగర్‌లింగ్ అని సైజును బట్టి ధర మాట్లాడగలుగుతున్నాడంటే మూలం అక్కడుంది. తవుడు, వేరుశనగ చెక్క కలిపి నర్సరీ చెరువులో చల్లే పద్ధతి కూడా ఆ దారిలోనే స్థిరపడింది.

రంగుచేపలకు ఇలాంటి మలుపు రాలేదు. రాకపోవడానికి కారణం వాటి తేలికతనమే. గప్పీ, మోలీ, ప్లాటీ పిల్లల్నే పెడతాయి, ఇంజక్షన్ల పని లేదు. ఎవరి పెరట్లో వాళ్లు పెంచుకున్నారు, ఎవరి చిట్కా వాళ్లు దాచుకున్నారు. భువనేశ్వర్ దగ్గరి కేంద్రీయ మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ, సీఫా, ఒడిశాలోని దేవ్‌గఢ్ జిల్లాలో ఊళ్లనే రంగుచేపల గ్రామాలుగా తీర్చిదిద్దింది. అడ్డతీగలకు దగ్గరి పోలిక అదే: కొండ జిల్లా, పెరటి సిమెంటు తొట్టెలు. అయితే దేవ్‌గఢ్‌లో జరిగింది ప్రదర్శన. ఒక పద్ధతిని నేర్పారు, అది పనిచేస్తుందని చూపారు. ఇంకో పద్ధతి ఇంతకంటే బాగా పనిచేస్తుందా అన్నది దాని పని కాదు. మన శాఖల వాడుకలో ‘డెమో’కూ ప్రయోగానికీ మధ్య గీత చెరిగిపోయింది. పది ఇళ్లకు ఒకే మేత ఇచ్చి, నెల తర్వాత పిల్లలు బతికాయని రాసుకుంటే అది వార్త అవుతుంది గానీ ఆ మేతకు తీర్పు కాదు.

మేత తగువు

పిల్ల గుడ్డులోంచి వచ్చాక సొన సంచి కరిగేదాకా మేత అక్కర్లేదు. బంగారు చేపకు ఇది రెండు మూడు రోజులు. ఏంజెల్ చేప గుడ్లు రెండు రెండున్నర రోజుల్లో పగులుతాయి, ఆ పైన ఇంకో అయిదు రోజులకు పిల్లలు ఈదుతాయి. సంచి అయిపోయిన రోజు నోటికి పట్టేది దొరక్కపోతే తొట్టె తొట్టంతా తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే మొదటి వారం మేత మీద ఇంత పట్టుదల.

ఒక వర్గం సజీవ మేత వాళ్లది. ఆర్టీమియా అనే చిన్న జలజీవి గుడ్లను ఉప్పునీళ్లలో, గాలి బుడగల మధ్య, 28 డిగ్రీల దగ్గర ఒక రోజు ఉంచితే అర మిల్లీమీటరు లోపు పిల్లలు, అంటే నాప్లీ, బయటికొస్తాయి. ఏంజెల్ పిల్లకు అది సరైన ముద్ద. ఫైటర్, గౌరామి పిల్లల నోరు అంతకంటే చిన్నది. వాటికి గడ్డి, అరటితొక్క నానబెట్టిన నీళ్లలో పుట్టే సూక్ష్మజీవులు కావాలి. ఆర్టీమియా టిన్ను కాకినాడ, విశాఖ తీరపు రొయ్యల హేచరీలకు నిత్యావసర సరుకు. కొండెక్కేసరికి ఖరీదైన వస్తువు. పైగా కరెంటు పోతే గాలి ఆగుతుంది, గాలి ఆగితే గుడ్లు పగలవు.

రెండో వర్గం పొడి మేతది. మెత్తగా జల్లించిన చెక్క, తవుడు, చేపపొడి, లేదంటే ఉడికించిన గుడ్డు సొనను గుడ్డలో వేసి పిండిన పాలు. చవక, ఎప్పుడంటే అప్పుడు దొరుకుతుంది. తినగా మిగిలింది అడుగున చేరి నీటిని చెడగొడుతుంది. గుడ్డు సొన విషయంలో ఇది మరీ ఎక్కువ.

మూడో దారి స్థానిక మేత: పేడ నీళ్లలో, చెక్క నీళ్లలో పెంచే మొయినా అనే చిన్న నీటిపురుగు, కాస్త పెరిగిన పిల్లలకు నలిపిన చెదలు. కోడిపిల్లలకు చెదలు పెట్టే ఇళ్లకు ఇది వింతగా తోచదు.

ఇన్నేళ్ల రాతల్లో ఈ తగువు ఎందుకు తెగలేదంటే, పోల్చే పద్ధతి మీదే ఒప్పందం లేదు. ఒకరు బరువు సమానంగా మేత వేసి పోలుస్తారు. ఆర్టీమియా బరువులో అధికభాగం నీరే గనుక, తడి తీసేసి తూచకపోతే ఆ సమానత్వం ఉత్తదే. మరొకరు పిల్లలకు కడుపు నిండేదాకా వేసి పోలుస్తారు. అక్కడ వేసే చేతి ఓపికే ఫలితం. ప్రయోగశాలల్లో రాజ్యమేలుతున్న జీబ్రా చేప మన దేశపు వాగుల్లో పుట్టిందే. వేల ప్రయోగశాలలు దాన్ని పెంచుతున్నా, అందరూ ఒప్పుకున్న ప్రామాణిక మేత దానికీ లేదు. అడ్డతీగల సంఘాలకు ఇది ఓదార్పు అనుకోవచ్చు.

కిక్కిరిసిన తొట్టె

ఎక్కువ పిల్లలున్న తొట్టెలో పిల్ల గిడసబారుతుంది. ఇది అందరూ చూసినదే. ఎందుకు అన్న దగ్గర మూడు జవాబులున్నాయి. పిల్లలు వదిలే మలినంలోని అమ్మోనియా అనేది ఒకటి. నీరు వేడెక్కి, పీహెచ్ పెరిగితే దాని విషం పదునెక్కుతుంది. బలమైన పిల్ల బలహీనమైనదాన్ని మేత దగ్గరికి రానివ్వదన్నది రెండోది. మూడోది ఆసక్తికరం: చేపలే నీటిలోకి ఎదుగుదలను అణిచే పదార్థం వదులుతాయని. 1974లో ప్ఫూడరర్ బృందం బంగారు చేప, కార్పుల నీటినుంచి అలాంటి ‘రద్దీ కారకాన్ని’ కొంతవరకు వేరు చేశామని ప్రకటించింది. అంతకు నలభై ఏళ్ల ముందు షికాగోలో ఆలీ అనే జీవావరణ శాస్త్రవేత్త సరిగ్గా తిరగేసిన మాట చెప్పాడు. తోటి చేపలు ఉండి వెళ్లిన నీటిలో బంగారు చేపలు ఇంకా బాగా ఎదుగుతున్నాయన్నాడు. అవి కక్కిన మేత తునకలే ఆ మేలుకు కొంత కారణమని తర్వాత అనుమానించారు.

రెండూ నిజమయ్యే వీలుంది. కానీ పెంపకందారుకు ఈ మూడు కారణాలనూ విడదీయడం దాదాపు అసాధ్యం. పాతిక పిల్లల తొట్టెకూ యాభై పిల్లల తొట్టెకూ ఒకే వంతు నీళ్లు మారిస్తే, రెండోదానిలో పిల్లకు దక్కిన కొత్త నీరు సగం. పిల్లల లెక్కన మారిస్తే తొట్టెలు రెండూ వేర్వేరు తొట్టెలైపోతాయి. ఇంటి తొట్టెల సామూహిక ప్రయోగంలో రద్దీని ముఖ్య ప్రశ్నగా పెట్టుకోకపోవడమే మంచిది. తొట్టెకు ఇన్ని పిల్లలని ఒక సంఖ్య బిగించి, దాన్ని కదపకుండా ఉంచాలి.

లెక్కకు ఒకటి ఏది

1984లో స్టూవర్ట్ హర్ల్‌బర్ట్ అనే అమెరికన్ జీవావరణ శాస్త్రవేత్త ఒక వ్యాసం రాసి తన రంగాన్నే ఇబ్బంది పెట్టాడు. అప్పటిదాకా అచ్చయిన ప్రయోగాల్లో చాలావాటిలో నకిలీ ఆవృత్తి ఉందన్నాడు. ఒకే తొట్టెలోని వంద చేపల్ని కొలిచి ‘వంద కొలతలు’ అనడం అలాంటిదే. తొట్టెలో నీరు చెడితే వందా కలిసే చెడతాయి. మేత వేసేది తొట్టెకు, చేపకు కాదు. అందువల్ల లెక్కకు ఒకటి అంటే తొట్టె.

అక్కడితో ఆగదు. ఒక ఇంట్లో ఒకే తొట్టె పెట్టి, ఒక ఇంటికి ఆర్టీమియా, ఇంకో ఇంటికి చెక్క ఇస్తే, పిల్లలు ఎదిగిన తేడా మేతదో ఇంటిదో తేల్చే మంత్రం లేదు. ఆ ఇంటి బోరు నీరు, పొయ్యి వేడి, మేత వేసే మనిషి శ్రద్ధ మేతతో ముడిపడిపోతాయి. కాబట్టి ప్రతి ఇంట్లోనూ అన్ని మేతలూ ఉండాలి. పన్నెండు ఇళ్లు, ఇంటికి మూడు తొట్టెలు, తొట్టెకు పాతిక పిల్లలు అనుకుంటే 900 పిల్లలు అవుతాయి. వినడానికి ఘనంగా ఉంటుంది. నిజానికి ఒక్కో మేతకు ఉన్న సాక్ష్యం 300 కాదు, పన్నెండే.

మూడుకు మించిన మేతలుంటే? దీనికి జవాబు దూరాన లేదు. ప్రయోగాల రచనాశాస్త్రం చాలా భాగం మన నేల మీదే పెరిగింది. కలకత్తా భారత గణాంక సంస్థలో ఆర్.సి.బోస్ 1939లో అసంపూర్ణ బ్లాకుల నిర్మాణం మీద రాశాడు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి అదే సంస్థకు వెళ్లిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1940లలో ఆర్తోగోనల్ అర్రేలు కనిపెట్టారు. వాళ్ల గణితం పెరటి భాషలో ఇలా ఉంటుంది: ఏడు మేతలున్నాయి, ఇంటికి మూడే తొట్టెలు పడతాయి. ఏడు ఇళ్లు చాలు. ప్రతి మేతా మూడు ఇళ్లలో ఉంటుంది, ఏ రెండు మేతల్ని తీసుకున్నా సరిగ్గా ఒక ఇంట్లో పక్కపక్కన ఉంటాయి. ఇరవయ్యొక్క తొట్టెలతో ఏడు మేతలూ ఒకదానితో ఒకటి తలపడతాయి. ఇంతటి పొదుపు లెక్క తెలుగు చేపల రైతు చేతికి ఎందుకు చేరలేదో విస్తరణ విభాగాలే చెప్పాలి.

ఇంట్లో ఏ తొట్టెకు ఏ మేత అన్నది ఇంకో పాత కొట్లాట. గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేస్తూ ‘స్టూడెంట్’ పేరుతో రాసిన గాసెట్, మంచీచెడూ చోట్లు అన్ని మేతలకూ సమంగా దక్కేలా తెలిసి సర్దాలన్నాడు. మరో గణాంకవేత్త ఫిషర్ చీట్లు తీయమన్నాడు. 1937లో గాసెట్ పోయేదాకా ఆ వాదం ఆగలేదు. మూడు తొట్టెల పెరట్లో చీట్లదే గెలుపు అనిపిస్తుంది, లెక్క కారణంగా కన్నా పంపకం కారణంగా. సంఘంలో ఎవరికేం వచ్చిందన్న అనుమానం చీటీతో పోతుంది.

అందరూ ఒకేలా చేయాలా

పాల్గొనే వాళ్లందరికీ ఒకే తొట్టె, ఒకే నీరు, ఒకే వేళ అని కట్టడి చేయాలనేది ప్రమాణీకరణ వాదం. 1999లో క్రాబ్, వాల్‌స్టెన్, డూడెక్ మూడు నగరాల ప్రయోగశాలల్లో ఒకే రకాల చిట్టెలుకల్ని, ఒకే పరికరాలతో, ఒకే రోజు పరీక్షించారు. కుదిరినంతా ఒకేలా చేసినా ఫలితాలు కొన్నిచోట్ల విడిపోయాయి. దీన్ని పట్టుకుని స్విట్జర్లాండ్‌కు చెందిన వూర్బెల్ ఎదురు వాదన తెచ్చాడు. ఎంత బిగిస్తే ఫలితం అంత ఆ గదికే పరిమితమవుతుందని, తేడాల్ని తెలిసి చొప్పించాలని.

వ్యవసాయంలో ఈ తగువుకు మధ్యేమార్గం మలావీలో దొరికింది. 1990లలో సీగ్లిండె స్నాప్ నడిపిన ‘తల్లి–పిల్ల’ పద్ధతిలో ఊరి నడుమ తల్లి మడిలో అన్ని పద్ధతులూ కట్టుదిట్టంగా నడుస్తాయి. చుట్టూ రైతుల పిల్లమడుల్లో ఒక్కొక్కరు రెండు మూడే తీసుకుని తమ తీరున చేస్తారు.

మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, బిగింపు పద్ధతి తక్కువ తొట్టెలతోనే తేడాను పట్టిస్తుంది. కానీ ఆ తేడా పక్క ఊళ్లో నిలుస్తుందన్న హామీ ఇవ్వదు. వదులు పద్ధతి అలాంటి హామీకి దగ్గరవుతుంది, కాకపోతే ఇళ్లు ఎక్కువ కావాలి. తల్లి–పిల్లకు ఖర్చు కన్నా సమన్వయం భారం. తల్లి తొట్టెలు చూసే మనిషి నెల పొడుగునా ఊళ్లో ఉండాలి. అడ్డతీగలకు నా మొగ్గు ఈ మూడోదాని వైపే. అక్కడి ఇళ్లను ఒకేలా చేయడం ఎటూ కుదరదు గనుక.

గెడ్డ నీళ్ల దగ్గర

కొన్ని ఇళ్లకు గెడ్డ నీరు, కొన్నిటికి బోరు, కొన్నిటికి పంచాయతీ ట్యాంకు. కొండవాగు నీరు సాధారణంగా మెతక. గప్పీ, మోలీలు కాస్త గట్టి నీటిని కోరతాయి, ఏంజెల్ మెతక నీటిని ఇష్టపడుతుంది. అంటే ఏ చేపను ఎంచుకుంటామో ఆ క్షణానే కొన్ని ఇళ్లకు మొగ్గు చూపినట్టు. ట్యాంకులో బ్లీచింగ్ కలిపిన రోజు నీళ్లు నేరుగా పోస్తే పిల్లలు నిమిషాల్లో తేలిపోవచ్చు. ఒక రోజు నిలవ ఉంచిన నీరే వాడాలన్నది ఇక్కడ సలహా కాదు, ప్రయోగ నియమం.

చలికాలపు రాత్రి ఇంకో చిక్కు. తొట్టెకు హీటర్ అనడం తేలిక, కరెంటు మీద నమ్మకం తేలిక కాదు. ఇంటి మూడు టబ్బులనూ ఒకే పెద్ద సిమెంటు తొట్టెలోని నీటిలో దింపి ఉంచితే, వేడి తగ్గినా మూడింటికీ సమంగా తగ్గుతుంది. చలి పోదు గానీ పోలిక చెడదు. సామూహిక ప్రయోగానికి కావాల్సింది అదే.

పిల్లల్ని పంచడం మీద కూడా మాట తేల్చుకోవాలి. ఏంజెల్ జంట ఒక్కసారి పెట్టే గుడ్లు వందల్లో ఉంటాయి. అన్ని తొట్టెలకూ సరిపోతాయి, కానీ అన్నీ ఒకే తల్లి పిల్లలు. ఆ తల్లి గుణమే ఫలితమైపోతుంది. గప్పీ ఈతకు కొన్ని పదులే, కాబట్టి చాలామంది తల్లుల పిల్లల్ని కలిపి పంచాలి. ఒకే రోజు పుట్టినవి దొరకడం కష్టం. నాకు గప్పీయే మేలనిపిస్తుంది. పుట్టిన గంటకే మెత్తటి పొడిని తినగలదు, మొదటివారం మూకుమ్మడి చావు ఉండదు. కొత్తగా చేయి పెట్టే సంఘం మొదటి నెలలోనే అన్నీ పోగొట్టుకుంటే రెండో ప్రయోగం ఉండదు.

తేలనివి

వాగుల్లోని పరిగెల్లాంటి దేశవాళీ చిన్నచేపల్నే ఎందుకు పెంచకూడదని కొందరి ప్రశ్న. కేరళ నుంచి ‘మిస్ కేరళ’ చేపను కొండవాగుల్లో పట్టి పట్టి ఎగుమతి చేసి, అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాకు ఎక్కించారు. పిల్లల్ని పెంచడం నేర్చుకోకముందే అమ్మకం నేర్చుకుంటే అదే జరుగుతుంది. ఇటువైపు బయటి చేపల భయం. తూర్పు కనుమల జలవనరుల్లో సుమారు 60 శాతంలో సక్కర్ చేప జాడ ఉందని హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధకులు నీటిలోని డీఎన్‌ఏ ఆధారంగా 2023లో చెప్పారు. అక్వేరియం గాజు నాకడానికి తెచ్చి, పెద్దదయ్యాక చెరువులో పారేసిన చేప అది. అడ్డతీగల చుట్టుపక్కల గెడ్డలు ఏలేరులో కలుస్తాయి. ఏలేరు జలాశయం నీరు కాలువ వెంట విశాఖ ఉక్కు కర్మాగారం దాకా వెళ్తుంది. ఒక టబ్బు ఒరిగితే దాని దారి చాలా పొడుగు. ప్రయోగం ముగిశాక మిగిలిన పిల్లల్ని ఏం చేయాలో మొదటి రోజే రాసుకోవాలి. ఈ అంశాన్ని చాలా ప్రణాళికలు వదిలేస్తాయి.

తినని చేపను పెంచడమేమిటన్న ప్రశ్నకూ సమాధానం లేదు. రక్తహీనత ఉన్న ఇళ్లలో ప్రోటీన్‌ను అందం కోసం పెంచడం అన్యాయమనేవాళ్లున్నారు. కొన్ని తొట్టెల రంగుచేపలకు వచ్చే డబ్బు అంత చోటులో పెరిగే తిండిచేపలకు రాదనేవాళ్లూ ఉన్నారు. ఇది ప్రయోగం తేల్చే విషయం కాదు, ఆ ఇంటామె తేల్చుకునేది.

కొలత దగ్గర మాత్రం ఒక చిక్కు నిజంగా లోతైనది. పిల్లను తూచడం ఇంట్లో కుదరదు. చదరపు గళ్ల కాగితం మీద పళ్లెం పెట్టి ఫోన్‌తో ఫొటో తీసి పొడవు లెక్కించడం మేలు. తోకరెక్క కొరుక్కుంటాయి గనుక తోక మొదలుదాకానే కొలవాలి. అయితే సగం పిల్లలు చచ్చిన తొట్టెలో మిగిలినవి పొడుగ్గా ఉంటాయి, ఎందుకంటే వాటికి చోటు, మేత రెట్టింపయ్యాయి. పొడవు ఒక్కటే చూస్తే చంపిన మేతే గెలుస్తుంది. అందుకే బతికినవాటి లెక్క, పొడవు రెండూ పక్కపక్కన చెప్పాలన్నది ఇప్పుడు చాలామంది ఒప్పుకున్న మాట.

ఇక పూర్తిగా పోయిన తొట్టె సంగతి. ఒక ఇంట్లో పదో రోజున బ్లీచింగ్ నీళ్లు పడి చెక్క మేత తొట్టె ఖాళీ అయిందనుకుందాం. మేత తప్పు కాదు కాబట్టి తీసేయాలంటుంది ఒక వర్గం. పొడి మేత తొట్టె అడుగు త్వరగా మురికి పడుతుంది, అందుకే అక్కడ నీళ్లు మార్చే తొందర ఎక్కువ, ఆ తొందరలోనే బ్లీచింగ్ నీళ్లు పడ్డాయి, కాబట్టి అది మేత ఖాతాలోదే అంటుంది రెండో వర్గం. బతికిన లెక్కలో దాన్ని సున్నాగా ఉంచి, పొడవు లెక్కలోంచి తీసేసి, రెండు పట్టికలూ అచ్చువేయడం తప్ప ప్రస్తుతానికి ఇంకో దారి కనిపించడం లేదు.